మిరప ముడత: పైకా, కిందికా?

మిరపకు ముడత వస్తే సలహాలకు కొదవ ఉండదు. హైదరాబాద్‌లో మా మేడ మీద గ్రో బ్యాగుల్లో మిరప, కుండీల్లో క్యాప్సికమ్ పెంచుతున్నాను. వానాకాలం చివర్లో వాటి చిగుళ్లు వంకర్లు తిరగడం మొదలైంది. కింది ఆకులు నిక్షేపంలా ఉన్నాయి, తేడా అంతా చిగురులోనే. నర్సరీ అతను కాల్షియం లోపమన్నాడు. పక్కింటి ఆంటీ వైరస్ అని, పీకి పారేయమని తేల్చేశారు. మందుల కొట్టులో ఆకు వైపు కూడా చూడకుండా ‘ముడత మందు’ అని ఒక సీసా చేతిలో పెట్టబోయారు. ఏ పురుగుకు అని అడిగితే అన్నిటికీ అట.

ఖమ్మం దగ్గర మిరప వేసే మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఫొటోలు పంపుతానంటే, “ఫొటోలు తర్వాత చూద్దాంలే అమ్మా. ముడత పైకా, కిందికా? ముందు అది చెప్పు” అన్నాడు.

మేడెక్కి చూస్తే రెండూ ఉన్నాయి! కొన్ని మొక్కల్లో ఆకు అంచులు పైకి లేచి పడవలా అయ్యాయి. క్యాప్సికమ్‌లోనూ, దాని పక్క మిరపల్లోనూ అంచులు కిందికి వంగి, ఆకు సన్నబడి, ముదురు ఆకుపచ్చగా, ముట్టుకుంటే పెళుసుగా ఉంది. ఆకు కాడ మాత్రం సాగిపోయింది. పై ముడత అయితే తామర పురుగు (త్రిప్స్), కింది ముడత అయితే నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్) అని బాబాయ్ లెక్క. మిరప పండించే ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది.

పై ముడత సంగతి తొందరగానే తేలింది. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద చిగురును దులిపాను. మిల్లీమీటరు పొడవు కూడా లేని లేత పసుపు గీతలు రాలి, కాసేపటికి నడక మొదలుపెట్టాయి. తామర పురుగు ఆకును గీకి రసం పీలుస్తుంది కాబట్టి అడుగున వెండి రంగు చారలు పడతాయి. అవీ కనిపించాయి.

నల్లి అంత సులువుగా దొరకలేదు. ఎర్ర నల్లి అయితే ముదురు ఆకుల కింద సన్నటి గూడు అల్లుతుంది, కంటికి ఆనుతుంది. మిరప చిగురును పట్టే తెల్ల నల్లి గూడు అల్లదు, పైగా ఆడదే దాదాపు 0.2 మిల్లీమీటర్లు. కాగితం మీద దులిపితే ఏమీ కనబడలేదు. ఫోన్ కెమెరాకు తగిలించే చిన్న మాక్రో లెన్స్ తెచ్చి, చిగురాకు తిరగేసి, నడి ఈనె పక్కన ఫోకస్ చేసి జూమ్ చేశాను. గాజులాంటి లేత పసుపు చుక్కలు కదులుతున్నాయి. వాటి మధ్య తెల్ల చుక్కలు వరుసలుగా పేర్చినట్టున్న గుడ్లు. ఒక నల్లి తనకంటే పెద్దగా ఉన్న ఇంకోదాన్ని మోసుకుంటూ పోతోంది. తర్వాత చదివితే తెలిసింది, ఇంకా పూర్తిగా ఎదగని ఆడదాన్ని మగ నల్లి అలా కొత్త చిగురుకు చేరవేస్తుందట. ఈ నల్లులు తెల్లదోమ అనే రసం పీల్చే చిన్న పురుగు కాళ్లు పట్టుకుని మొక్క నుంచి మొక్కకు కూడా వెళ్తాయి. ఆ సాయంత్రం వంట ఆలస్యమైంది, ఆ వీడియో ఇంట్లో అందరికీ చూపించాను మరి.

ఒకే మందు ఎందుకు పనికిరాదో అప్పుడు అర్థమైంది. నల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు వైపు బంధువు. చాలా పురుగు మందులు దాన్ని ఏమీ చేయవు, దాన్ని తినే మంచి పురుగుల్ని మాత్రం చంపుతాయి. దాంతో నల్లి ఇంకా రెచ్చిపోతుంది. ఆ సీసా కొనకపోవడమే మేలైంది.

మరీ ముడుచుకున్న చిగుళ్లు కత్తిరించి కవర్లో కట్టి పారేశాను, కంపోస్టులో వేయలేదు. గ్రో బ్యాగులు ఒకదానికొకటి తగలకుండా జరిపాను. నల్లి ఉన్నవాటికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ దిగాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాను. గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి కనుక వారం ఆగి మళ్లీ కొట్టాలి. తామర పురుగు ఉన్నవాటికి వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో, పైన పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు. ఈ రెండూ ఒక మొక్క మీద కలవకూడదు, గంధకానికీ నూనెకూ మధ్య కనీసం రెండు వారాల ఎడం లేకపోతే ఆకు మాడుతుంది. ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు కూడా గంధకం జోలికి పోకూడదు.

ఒక మిరప మాత్రం దేనికీ లొంగలేదు. ముడత పైకే, కానీ ఎంత దులిపినా పురుగు లేదు. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, పసుపు తిరిగి, మొక్క గుబురుగా గిడసబారిపోయింది. బాబాయ్ ఫొటో చూసి “బొబ్బర తెగులమ్మా, ఉంచకు” అన్నాడు. తెల్లదోమ అంటించే వైరస్ అది, మందు లేదు. పీకేశాను, తెల్లదోమ కోసం పసుపు జిగురు అట్టలు కట్టాను. ఆంటీ మాట ఆ ఒక్క మొక్క విషయంలో నిజమే. కాల్షియం మాటకొస్తే, మిరపలో ఆ లోపం ఉంటే కాయ అడుగు కుళ్లడం కూడా కనబడేది. నా కాయలకు ఆ బాధ లేదు.

టెన్షన్ అంతా తర్వాతే. మందు కొట్టినా వంకర ఆకులు వంకరగానే ఉన్నాయి. నల్లి లాలాజలం ఆకును పాడు చేస్తుంది, నల్లి చచ్చినా ఆ ఆకు ఇక సాపు కాదు. అంచేత పాత ఆకు చూసి మళ్లీ మళ్లీ మందు కొట్టకూడదు, కొత్త చిగురు కోసం ఆగాలి. కొన్ని వారాలకు కణుపుల దగ్గర నుంచి వెడల్పాటి ఆకులు వచ్చాయి. క్యాప్సికమ్ కాయల తొక్క గరుకుగా గోధుమ రంగు తిరిగింది, అయినా కూరకు పనికొచ్చాయి.

పూత మొదలయ్యాక బాబాయ్ మళ్లీ ఫోన్ చేశాడు. 2021లో ఖమ్మం, వరంగల్, గుంటూరు తోటల్ని దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఆకు కంటే పూలలోనే ఎక్కువగా చేరుతుంది, పూత రాలిపోతుంది. అందుకని ఇప్పుడు వారానికోసారి నాలుగైదు పూలు అరచేతిలో దులిపి చూస్తున్నాను. ఇప్పటిదాకా పుప్పొడే రాలింది.