ఆ మిగతా ముగ్గురు

కారు వెనక సీటు మడిచి, సైకిలు ముందు చక్రం ఊడదీసి, పాత దుప్పటి చుట్టి పడుకోబెట్టాం. మా బాబుని పురిటి నుంచి తెచ్చినప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడలేదని మా ఆయన గొణిగాడు. శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకి బెంగళూరు కేఆర్ పురంలో బయల్దేరాం. రైల్లో పోవచ్చు గానీ, లగేజీ వ్యాన్‌లో సైకిలు మీద ఎవరి బస్తా పడుతుందో ఎవరికి తెలుసు? హోసూరు రోడ్డు కూడా ఉంది. కానీ కోలారు, ములబాగల్, పలమనేరు, చిత్తూరు మీదుగా పోతే దారిలో మా అమ్మ ఇల్లుంది. హోసూరు దారిలో మనకి సంగటి పెట్టేవాళ్ళు లేరు.

ఆదివారం చెన్నై పక్కన కోవళం బీచిలో ట్రయథ్లాన్. 1.5 కిలోమీటర్ల ఈత, ఒళ్ళు ఆరకముందే 40 కిలోమీటర్ల సైకిలు, దిగీ దిగగానే 10 కిలోమీటర్ల పరుగు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది ఈ దూరాలతోనే కాబట్టి దీన్ని ఒలింపిక్ దూరం అంటారు. పేరు విని నన్ను చూసి నవ్వకండి. నాకు 41 ఏళ్ళు, బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. మోకాళ్ళు కూడా లోన్ మీద నడుస్తున్న వయసు.

పలమనేరులో ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ ముఖం చూడలేదు, కాలు చూసింది. "ఈ కాలేనా పాపా?" అని ఎడమ కాలి ముందెముక మీద బొటనవేలితో నొక్కింది. సరిగ్గా ఆ చోటే! చీలమండకి జానెడు పైన, లోపలి అంచున. ఏడాదిన్నర కిందట డాక్టరు కూడా అక్కడే నొక్కాడు. అప్పుడు నేను మంచం మీంచి ఎగిరిపడ్డాను.

ఆ కథ చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. అప్పట్లో వారానికి 20 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని. ట్రయథ్లాన్ పిచ్చి పట్టాక ఒక్క నెలలో దాన్ని 40 చేశాను. బూట్లు అరిగినవి. బరువు తగ్గాలని రాత్రి తిండి మానేశాను. కాలి ఎముకలో సన్నగా నొప్పి మొదలైంది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, "ఎముక శుభ్రంగా ఉంది, కండరం పట్టేసి ఉంటుంది, మాత్ర వేసుకుని పరిగెత్తండి" అన్నారు. నాకు వినాలని ఉన్న మాట అదే. మాత్ర వేసుకుని 10 కిలోమీటర్ల పోటీ ఒకటి పూర్తి చేశాను. చివరి రౌండులో కాలు నేల తాకిన ప్రతిసారీ పళ్ళు కరుచుకున్నాను. మెడల్ మెళ్ళో వేసుకుని ఫోటో కూడా దిగాను. ఆ రాత్రి నొప్పికి మెలకువ వచ్చి, బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్ళాను.

రెండో డాక్టరు ఎక్స్‌రే కవరు విప్పనేలేదు. "ఒంటికాలి మీద మూడుసార్లు గెంతండి" అన్నాడు. ఒకసారి గెంతి కుర్చీ పట్టుకున్నాను. ఎమ్మారైలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఇలాంటి సన్నని చీలిక మొదటి వారాల్లో చాలాసార్లు ఎక్స్‌రేలో కనపడదట. ఎముక ఎప్పుడూ తనని తాను రిపేరు చేసుకుంటూ ఉంటుందని ఆయన చెప్పాడు. పాతదాన్ని తవ్వేసే కణాలు ముందు వచ్చి పని ముగించుకుంటాయి, కొత్తది కట్టే కణాలు వెనకాల తీరిగ్గా వస్తాయి. రోడ్డు తవ్వినవాళ్ళు వేరే, పూడ్చేవాళ్ళు వేరే అన్నట్టు. తవ్వకం అయ్యి పూడ్చడం కాకముందే పైన లారీలు తోలితే ఏమవుతుంది? బెంగళూరులో ఉండేవాళ్ళకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. విటమిన్ డి కూడా అడుగంటింది.

ఆరు వారాలు కాలికి పెద్ద బూటు. అది తీశాక కూడా పరుగు వద్దు, నీళ్ళలో మాత్రం ఏమైనా చేసుకోమన్నారు. నడుముకి తేలే బెల్టు కట్టుకుని, లోతు వైపున, కాళ్ళు అడుగు తగలకుండా నీళ్ళలోనే పరిగెత్తాలి. పక్క లేన్లో పిల్లలు రయ్యిమని పోతుంటే నేను నిలువుగా, ఉన్నచోటే, అరగంట కాళ్ళు ఆడించేదాన్ని. ఒక పెద్దాయన రోజూ చూసి చూసి, "ఏం పోగొట్టుకున్నారమ్మా అక్కడ?" అని కన్నడలో అడిగాడు.

విసుగు పుట్టి ఈత మొదలుపెట్టాను. అంతకుముందు 50 మీటర్ల కొలను ఒకసారి దాటితే గట్టు పట్టుకుని ఆయాసపడే రకం. తొడల మధ్య తేలే ముక్క పెట్టుకుని చేతులతోనే ఈదాను. ఆరు నెలల్లో 15 సార్లు అటూ ఇటూ, అంటే 1500 మీటర్లు, 34 నిమిషాల్లో. ఈతగాళ్ళకి ఇది లెక్కలోకి రాదు, నాకు మాత్రం పండగ. మధ్యలో డెంగీ వచ్చి మూడు వారాలు మంచం మీద పోయాయి. లేచాక కూడా ముందు తిరిగొచ్చింది ఈతే. పరుగు మాత్రం ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడకతో మొదలుపెట్టి, 10 కిలోమీటర్లకి చేరడం ఒక్కసారే అయింది. ఫిజియో అమ్మాయి షరతు కూడా పెట్టింది: నొప్పి కాలంతా పరుచుకుని ఉంటే పర్లేదు, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వస్తే అక్కడే ఆగిపోవాలి.

అమ్మ పెట్టిన సంగటి, చెనక్కాయల ఊరిబిండి తిని మొగిలి ఘాట్ దిగాం. దిగుతుంటేనే గాలి మారింది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంటుంది, చెన్నై సముద్రం ఒడ్డు. వాలాజాపేట దాటేసరికి కిటికీ దించితే పెనం మూత తీసినట్టుంది. సాయంత్రం పెరంబూరులో చిన్నమ్మ ఇంటికి చేరాం.

చిన్నాయన ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలు చేసి రిటైరైన మనిషి. ఊరు నెల్లూరు, మాట కత్తి. సైకిలుని హాల్లో గోడకి ఆనిస్తే చుట్టూ తిరిగి వెల్డింగు చూశాడు. ధర అడిగాడు. మా ఆయన సగం చెప్పాడు, దానికే చిన్నమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

భోజనాల దగ్గర నేను గొప్పకి పోయి ఐరన్‌మ్యాన్ అనే పెద్ద ట్రయథ్లాన్ పుట్టుక చెప్పాను. 1978లో హవాయి దీవుల్లో, ఈతగాడు గొప్పా, సైకిలువాడు గొప్పా, పరుగువాడు గొప్పా అన్న వాదం తెంచడానికి మూడూ ఒకేరోజు పెట్టారు. సుమారు 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిలు, ఆపైన పూర్తి మారథాన్. 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారు, గెలిచినవాడికి 11 గంటల 46 నిమిషాలు పట్టింది.

చిన్నాయన మజ్జిగ కలుపుకుంటూ, "ఆ మిగతా ముగ్గురి పేర్లేంది పాపా?" అన్నాడు.

"తెలీదు చిన్నాయనా."

"అదేంది! తెలివైనోళ్ళు వాళ్ళే కదా."

శనివారం పోటీ నంబరు తెచ్చుకోవడానికి, సముద్రం వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డు మీద బయల్దేరితే ఆయనా వచ్చాడు. ముట్టుకాడు వంతెన మీద కారు నిదానం చేయించి నీళ్ళు చూపించాడు. బకింగ్‌హామ్ కాలువ ఇటుగానే పోతుంది. కాకినాడ నుంచి కృష్ణాజిల్లా, నెల్లూరు, మద్రాసు మీదుగా విల్లుపురం జిల్లా దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు. 1877-78 కరువులో కూలికి వచ్చిన జనంతో మద్రాసు ఊళ్ళో అడయారు నదినీ కూవం నదినీ కలిపే ముక్క తవ్వించారు, అప్పటి గవర్నరు పేరే కాలువకి పెట్టారు. "మా తాత దీంట్లోనే పడవెక్కి మద్రాసొచ్చినాడు. తెడ్డేసింది వేరేవోళ్ళు, ఆయన పడుకోనొచ్చినాడు. నువ్వేమో డబ్బులు కట్టి ఈదతన్నావ్" అన్నాడు. మద్రాసులో తెలుగువాళ్ళ లెక్కలు తీస్తే ఇలాంటి తాత ఇంటికొకడు దొరుకుతాడు.

ఆదివారం 4:30కి బీచి దగ్గరున్నాం. జబ్బ మీద మార్కర్‌తో నంబరు రాశారు, చీలమండకి టైమింగ్ చిప్ కట్టారు. సైకిలు స్టాండుకి తగిలించి, హెల్మెట్ దాని మీద బోర్లించి, బూట్లలో సాక్సు దోపి, తువ్వాలు పరిచాను. చీకట్లో సముద్రం కనపడటం లేదు, వినిపిస్తోంది. కొలను ఎప్పుడూ అలా చప్పుడు చేయదు. బెంగళూరులో ఆరుబయట ఈత నేర్చుకునే దారి లేదు. నురగ తేలి, నిప్పంటుకుని పేపర్లకెక్కిన బెళ్ళందూరు చెరువులో ఎవరు దిగుతారు? కాబట్టి సముద్రంలో ఈదడం నాకు అదే మొదటిసారి కాబోతోంది. భయంగానూ ఉంది, పెళ్ళిచూపులకి తయారైనంత సంబరంగానూ ఉంది.

కొంచెం వెలుగొచ్చాక అర్థమైంది. గుర్తు కోసం వేసిన నారింజరంగు బుడగల్లో ఒకటి ఉండాల్సిన చోట లేదు, ఒడ్డుకి కొట్టుకొస్తోంది. కాపలా పడవ అల మీద లేచి దబ్బున పడుతోంది. రెండుసార్లు లోపలికి పోవాలని చూసి వెనక్కి తిప్పారు. మైకులో ముందు తమిళంలో, తర్వాత ఇంగ్లీషులో చెప్పారు: ఈత రద్దు. దాని బదులు ముందు 5 కిలోమీటర్ల పరుగు, తర్వాత సైకిలు, ఆఖర్న 10 కిలోమీటర్ల పరుగు.

సగంమంది చప్పట్లు కొట్టారు. ఈతకి భయపడేవాళ్ళే ఎక్కువ మా ఆటలో. నేను ఈత కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఏడాదిన్నరలో నాకు దక్కింది ఆ ఒక్కటే. దాన్ని తీసేసి, నా దగ్గర లేనిదాన్ని ఇంకో 5 కిలోమీటర్లు ఇమ్మంటున్నారు. తప్పెవరిదీ కాదు. ఆ కెరటాల్లో మమ్మల్ని దింపి ఉంటే తిట్టేదాన్నే. అయినా కోపం వచ్చింది, సముద్రం మీద.

మొదటి 5 కిలోమీటర్లు నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అందరూ దాటిపోయారు. 60 దాటిన ఒకాయన దాటుతూ "కమాన్ మేడమ్" అని కూడా అన్నాడు.

సైకిలు దగ్గరకొచ్చి, హెల్మెట్ బకిల్ టక్కుమన్నాకే సైకిలు ముట్టుకున్నాను, లేకపోతే పెనాల్టీ. రోడ్డు ఎడమన సముద్రం, సరుగుడు తోపులు, దక్షిణానికి మహాబలిపురం వైపు 10 కిలోమీటర్లు పోయి తిరిగి రావాలి, అలా రెండు చుట్లు. ఆ రోజు గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. పోయేటప్పుడు వెనక నుంచి ఎవరో నెడుతున్నట్టే ఉంటుంది. గంటకి 34 చూపిస్తోంది మీటరు. నా కాళ్ళలో ఇంత సత్తువ ఉందా అని మురిసిపోతూ ముసళ్ళ పార్కు దాటాను. 1976లో పెట్టిన క్రొకొడైల్ బ్యాంక్ అది. మలుపు తిరిగాక బండారం బయటపడింది. అదే కాళ్ళు, అదే సైకిలు, 22. ముందువాడి వెనక గాలి చాటున దూరడానికి రూలు ఒప్పుకోదు, 10 మీటర్ల ఎడం ఉండాలి. తల దించి, మోచేతులు ముడిచి, తెల్లగీత మాత్రం చూస్తూ తొక్కాను. పెదవుల మీద ఉప్పు. చెమటో సముద్రమో తెలీదు. చెన్నైలో చెమట ఆరదు, కారుతుంది, అంతే. ఆ ముసళ్ళ పార్కు బోర్డుని నాలుగుసార్లు చూశాను. నాలుగోసారికి లోపలున్నవి ఎంత సుఖంగా పడుకుని ఉంటాయో అనిపించింది.

అయినా నిజం చెప్పాలంటే ఆ రెండో చుట్టే ఆ రోజుకి బంగారం. మొదటి పరుగులో నన్ను దాటినవాళ్ళని పదకొండు మందిని లెక్కపెట్టి మరీ దాటాను. "కమాన్" పెద్దాయనతో సహా.

చివరి పరుగు కూడా రెండు చుట్లు, ఒక్కోటి 5. మొదటి మూడు కిలోమీటర్లు కాళ్ళు కర్రల్లా ఉన్నాయి గానీ నొప్పి లేదు. నాలుగో కిలోమీటర్లో ఎడమ కాల్లో ఏదో మెదిలింది. కండరమే అనుకున్నాను. చుట్టు ముగిసేచోట దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే ఫినిష్, ఎడమకి పోతే రెండో చుట్టు. అక్కడ ఆగి, వంగి, వేలు పెట్టి చూశాను. వేలు వెతుక్కోలేదు, నేరుగా పోయి అమ్మ నొక్కిన చోట ఆగింది.

నీళ్ళ బల్ల పక్కన నిలబడి ఎడమకాలి మీద గెంతాను. ఒకటి. రెండు. మూడోది గెంతలేదు.

గ్లాసు పట్టుకుని ఒక కుర్రాడు చూస్తున్నాడు. నా నోట్లోంచి వచ్చిన "అమ్మా" విని తెలుగులోకి మారాడు. "అక్కా, ఇంకొక్క రౌండే కదా!"

"ఆ ఒక్క రౌండేరా" అన్నాను. పోయినసారీ అంతే, ఒక్క రౌండే. అక్కడే కూర్చుని చిప్ పట్టీ విప్పి వాడి చేతిలో పెట్టాను. ఫలితాల్లో నా పేరు పక్కన డీఎన్‌ఎఫ్ పడింది. పూర్తి చేయలేదని.

ఆ పని చేసినందుకు గర్వంగా ఏమీ అనిపించలేదు. మెడళ్ళు వేసుకుని వచ్చేవాళ్ళని చూడలేక కార్లో కూర్చుని ఏడ్చాను. రెండో చుట్టు పోయి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో కూడా. ఆ మాటే ఇప్పటికీ సలుపుతుంది. మా ఆయన మాట్లాడకుండా సైకిలు చక్రం ఊడదీసి, దుప్పటి చుట్టాడు. చిన్నమ్మ పులిహోర డబ్బా తీసింది. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఎండ తగ్గాక బయల్దేరదామంటే, చిన్నాయన కదలనివ్వలేదు. "ఇంత దూరం సముద్రం కోసమొచ్చి కాలన్నా తడుపుకోకుండా పోతావా?" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఇసక మీద ఆయన చెప్పులు, నా చెప్పులు రెండూ ఆయనే పట్టుకున్నాడు.

"అయితే ఆ ముగ్గురిలో చేరినావన్నమాట" అన్నాడు.

నవ్వొచ్చింది. అల వచ్చి చీలమండలు దాటి, నొప్పి ఉన్నచోటు దాకా ఎక్కి, పోతూ పోతూ అరికాళ్ళ కింద ఇసకని లాక్కుపోయింది. ఇంకో రెండడుగులు వేశాను.

"ఆడనే నిలబడు పాపా" అని వెనక నుంచి కేకేశాడు. "నీకు ఈతొచ్చని దానికి తెలీదు."