ఎదురుచూడటం వేరు, వెతకడం వేరు

2024 ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ పడింది. సబ్జెక్ట్ ఖాళీ. వెళ్తే మా మేనేజరు, పక్కన నేనెప్పుడూ చూడని హెచ్ఆర్ ఆవిడ. పదకొండింటికల్లా లాప్‌టాప్‌లో లాగిన్ పోయింది, ఐడీ కార్డు సెక్యూరిటీ అతనికిచ్చేసి బయటికొచ్చి బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన బస్టాప్‌లో కూర్చున్నా, వచ్చిన బస్సునల్లా వదిలేస్తూ. ఆరేళ్ల రెండు నెలలు పనిచేశానక్కడ. మళ్లీ ఉద్యోగంలో చేరింది 2025 ఫిబ్రవరిలో. మధ్యలో ఆ ఐదున్నర నెలల గురించి రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా, ఎందుకంటే అందులో మొదటి రెండు నెలలు నేను అనవసరంగా నలిగిపోయాను, అది ఇంకొకళ్లకైనా తప్పాలి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఉండేది మారతహళ్లిలో, ఒక కడప అమ్మాయితో కలిసి డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో.

మొదటి నెలంతా పొద్దున్నుంచి రాత్రి దాకా ఉద్యోగం వెతుకుతున్నాననే అనుకున్నా. నిజంగా లెక్క తీస్తే వెతికింది రోజుకి గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మిగతాదంతా ఎదురుచూపు. ఉద్యోగాల కోసం నౌకరీ యాప్ తెరవడం, లింక్డిన్ తెరవడం, మెయిల్ రిఫ్రెష్ కొట్టడం, మళ్లీ నౌకరీ. స్నానానికెళ్తే ఫోన్ బాత్రూమ్ కిటికీ మీద పెట్టుకునేదాన్ని, రిక్రూటర్ ఎవరైనా ఆ పది నిమిషాల్లోనే కాల్ చేస్తారేమో అని. రాత్రి ఒంటిగంటకి పడుకుని ఈజీ అప్లై అని కనిపించిన ప్రతిదానికీ నొక్కేసేదాన్ని, జాబ్ డిస్క్రిప్షన్ కూడా చదవకుండా. ఆ నెలలో రెండొందలు దాటాయి అప్లికేషన్లు. కాల్స్ వచ్చింది నాలుగు. ఒళ్లు అలిసేది కాదు, మనసు అలిసిపోయేది, ఎందుకంటే ఎదురుచూడటానికి పని దినం అంటూ ఉండదు, ఆదివారం కూడా చూస్తాం, అన్నం తింటూ కూడా చూస్తాం.

పైగా ఇంట్లో చెప్పలేదు. మాది సామర్లకోట. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానమ్మా అనేదాన్ని, మంచం మీద పడుకుని. ఆ ఒక్క అబద్ధానికి కాపలా కాయడానికి ఎంత శక్తి పోయేదో ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. శనివారం వీడియో కాల్‌లో నీరసంగా కనిపిస్తే ఆఫీసులో పని ఎక్కువ అని ఇంకో మాట, దాన్ని గుర్తుపెట్టుకుని వచ్చే వారం ఇంకోటి.

దసరాకి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళ్లా. రెండో రోజు రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని చెప్పేశా. అమ్మ ఏడ్చింది. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అడిగిన మొదటి మాట, "రావాల్సిన డబ్బులన్నీ ఇచ్చారా అమ్మలూ?" అని. నాకు అర్థం కాలేదు. "గ్రాట్యుటీ వచ్చిందా? ఐదేళ్లు దాటాయి కదా నీకు." రాలేదు. ఐదేళ్లు దాటి చేసినవాళ్లకి వెళ్లేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు అది, అసలు నేను దాని సంగతే మర్చిపోయా. నాన్న క్యాలెండర్ వెనకాల పెన్నుతో వేసి చూపించారు, చివరి నెల బేసిక్, డీఏ ఉంటే అదీ కలుపుకుని, 26తో భాగించి 15తో గుణించి ఎన్నేళ్లు చేశామో అన్నిసార్లు వెయ్యాలి. అప్పటికి అమల్లో ఉన్న 1972 చట్టం ప్రకారం 30 రోజుల్లోపు ఇవ్వాలి అన్నారు. యూనియన్‌లో తిరిగిన మనిషి, ఆ లెక్క ఆయనకి నోటికే వచ్చు. మర్నాడు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా, మర్యాదగానే, చట్టం పేరు, తేదీలు, లెక్క రాసి. నవంబర్‌లో పడ్డాయి డబ్బులు. మూడు నెలల అద్దె పైనే వచ్చింది.

అందుకే ఎవరికైనా ఉద్యోగం పోయిందంటే నేను ముందు రెజ్యూమె గురించి మాట్లాడను. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం తీసి చూడమంటా, మిగిలిన లీవులకి డబ్బులు, గ్రాట్యుటీ, రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, జీతంలో కోసిన టాక్స్ చూపించే ఫారం 16, అన్నీ మన సొంత మెయిల్‌కి వచ్చాయా లేదా. ఆఫీస్ మెయిల్‌లో ఉండిపోతే మళ్లీ వాళ్లని బతిమాలుకోవాలి. ఇంకోటి హెల్త్ ఇన్సూరెన్స్, నాకు చివరి రోజుతోనే ఆగిపోయింది, అమ్మానాన్న కూడా అందులోనే ఉన్నారు. ఊరి నుంచి వచ్చిన వారంలో చేసిన మొదటి ఖర్చు సొంతంగా ఒక పాలసీ. ఇంకెన్ని నెలలకి డబ్బులున్నాయో కాగితం మీద రాసుకున్నాక నిద్ర కాస్త పట్టింది. భయం అంకెగా మారితే దానికో హద్దు వస్తుంది.

నాన్న ఇంకో పని కూడా చేశారు, అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసి చెప్పేశారు. అన్నయ్య వైట్‌ఫీల్డ్‌లోనే పనిచేస్తాడు, మా ఫ్లాట్‌కి గట్టిగా ఏడు కిలోమీటర్లు, రెండు నెలల్లో ఒక్కసారి కూడా తనకి చెప్పలేదు నేను. బెంగళూరు తిరిగొచ్చాక కుందలహళ్లి దగ్గర టీ తాగుతూ కలిశాం. "అన్నయ్యా, మీ కంపెనీలో ఏమైనా ఉంటే చూడు" అన్నా. తను ఊరుకోలేదు. "అమ్మాయ్, ఏమైనా ఉంటే అంటే నేనేం చూడను? కెరీర్స్ పేజీలోకి వెళ్లు, నీకు సరిపోయేది ఒకటో రెండో తియ్యి, జాబ్ ఐడీ పంపించు, దానికి నువ్వెందుకు సరిపోతావో మూడు లైన్లు రాసి పంపించు. నేను అది కాపీ చేసి పోర్టల్‌లో పడేస్తా, ఐదు నిమిషాల పని. నువ్వు 'ఏమైనా ఉంటే' అంటే వెతికే పని నా నెత్తిన పెట్టినట్టు, నేను వాయిదా వేస్తా, నువ్వేమో అన్నయ్య పట్టించుకోలేదు అనుకుంటావ్."

ఆ టీ కొట్టు దగ్గర నా వెతుకులాట మారిపోయింది. అప్పటిదాకా పాత కొలీగ్స్ పదిమందికి అదే మెసేజ్ పెట్టి ఉన్నా, చూస్తాం అని అందరూ అన్నారు, ఎవరూ చూడలేదు, నేను వాళ్లని మనసులో తిట్టుకున్నా. మళ్లీ అందరికీ రాశా, ఈసారి ఒక్కొక్కళ్లకి వాళ్ల కంపెనీలో ఉన్న ఫలానా జాబ్ ఐడీ, మూడు లైన్లు, రెజ్యూమె. పది మందిలో ఏడుగురు అదే వారంలో రిఫర్ చేశారు. చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లకి బోనస్ ఉంటుంది కూడా, కాబట్టి అడుక్కుంటున్నాం అనే భావన అక్కర్లేదు.

అప్పుడే ఒక టైంటేబుల్ పెట్టుకున్నా. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు, సోమవారం నుంచి శుక్రవారం. ముందు అరగంట నౌకరీ ప్రొఫైల్ సర్దడం, ఎందుకంటే రిక్రూటర్లు ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లనీ, నోటీస్ పీరియడ్ తక్కువున్నవాళ్లనీ ఫిల్టర్ పెట్టి తీస్తారు. తొంభై రోజుల నోటీస్ ఉన్నవాళ్ల మధ్యలో ఇమ్మీడియట్ జాయినర్, అంటే వెంటనే చేరగలం అని ఉండటం ఉద్యోగం పోయినవాళ్లకున్న ఒకే ఒక్క బలం, దాన్ని సిగ్గుపడి దాచుకోకండి, పేరు కిందే రాయండి. రెజ్యూమె రెండు కాలమ్స్‌తో రంగురంగులది ఉండేది నాది, కొన్ని సైట్లలో అప్‌లోడ్ చేస్తే కంపెనీ పేర్లు స్కిల్స్ గడిలోకి వెళ్లిపోయేవి, మామూలు ఒక కాలమ్ వర్డ్ ఫైల్‌లోకి మార్చేశా. తర్వాత రోజుకి నాలుగు అప్లికేషన్లు, నాలుగంటే నాలుగే, జాబ్ డిస్క్రిప్షన్ మొత్తం చదివి. ఎక్సెల్ షీట్‌లో ఎక్కించి, వారం తర్వాత ఒక్క ఫాలో అప్, దానికీ జవాబు లేకపోతే ఆ లైన్‌కి బూడిద రంగు. ఆ బూడిద రంగు చాలా మేలు చేసింది, తలుపు మనమే వేసేశాం కాబట్టి ఇంక దానివైపు చూడక్కర్లేదు.

పదకొండున్నర నుంచి చదువు. నాకు సెలీనియం జావాలో బాగా వచ్చు, వెబ్‌సైట్లని ఆటోమేటిక్‌గా టెస్ట్ చేసే టూల్ అది, కానీ అప్పుడు ఇంటర్వ్యూల్లో సగంమంది అలాంటిదే ఇంకోటి, ప్లేరైట్ అడిగేవాళ్లు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2020లో తెచ్చారు దాన్ని, ఆఫీసులో వాడే అవసరం రాలేదు నాకు. మూడు వారాలు కూర్చుని ఒక డెమో షాపింగ్ సైట్ మీద లాగిన్ నుంచి పేమెంట్ దాకా టెస్టులు రాసి, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టా. తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో దాన్నే తెరిచి చూపించా. అప్లికేషన్‌కి జవాబు రాకపోతే ఆ రోజు వృథా అయినట్టే, కానీ రాసిన టెస్టు ఒకటి పాసైతే ఆ రోజు నాదే, ఎవరి కాల్‌తోనూ సంబంధం లేదు.

ఒంటిగంటకి లాప్‌టాప్ మూసేయడం. ఫోన్ రింగ్ సాయంత్రం ఆరు దాకా ఆన్‌లో ఉంటుంది, మెయిల్ మాత్రం నాలుగింటికి ఒక్కసారే. బుధవారాలు కుందలహళ్లిలో మెట్రో ఎక్కి కబ్బన్ పార్క్ వెళ్లేదాన్ని. 2023 అక్టోబర్‌లో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా కలిసింది కాబట్టి ట్రాఫిక్ బాధ లేదు. పార్కులో ఎర్ర రంగు సెంట్రల్ లైబ్రరీ, బయట పెద్ద పెద్ద చెట్లు. అక్కడ నన్ను ఎవరూ నోటీస్ పీరియడ్ ఎంత అని అడగరు.

ఇదంతా చేసినా బాగాలేని రోజులున్నాయి. డిసెంబర్‌లో ఒక చోట ఐదు రౌండ్లయ్యాయి, జీతం కూడా మాట్లాడేశారు, తర్వాత మూడు వారాలు మౌనం, చివరికి పొజిషన్ హోల్డ్‌లో పెట్టామని రెండు లైన్ల మెయిల్. ఆ రాత్రి ఊపిరాడనట్టు అయిపోయింది. కడప అమ్మాయి ఊరెళ్లింది, అమ్మకి ఫోన్ చేస్తే భయపడుతుంది. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి చేశా, 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు వెనకాల ఉంటారు, ఉచితం, ఏ టైంలోనైనా చెయ్యొచ్చు, భాష తెలుగు ఎంచుకోవచ్చు. ఒకావిడ అరగంట విన్నారు. సలహాలేం గుప్పించలేదు, ఈ రాత్రికి ఏం తిన్నారు అని అడిగారు, రేపు పొద్దున ఎవరితో మాట్లాడతారు అని అడిగారు. అంతే. ఆ అంతే చాలా అవసరం నాకు అప్పుడు. ఎవరికైనా చెయ్యాలనిపిస్తే ఆలోచించకుండా చెయ్యండి.

ఒక్క విషయం కాస్త కోపంగానే చెప్తా. మారతహళ్లిలో పీజీల గోడల మీద జాబ్ గ్యారంటీ, ఎక్స్‌పీరియన్స్ పెడతాం అని నంబర్లు అంటించి ఉంటాయి. మా కింది ఫ్లోర్ పీజీలో నెల్లూరు కుర్రాడు ఒకడు లక్ష దాకా కట్టడానికి రెడీ అయ్యాడు, మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌కి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్, అదే పీఎఫ్ నంబర్, అడుగుతారు నాన్నా, పీఎఫ్‌లో నీ సర్వీస్ హిస్టరీ ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉందో అంతా కనిపిస్తుంది, చేరాక దొరికితే తీసేస్తారు, ఆ మచ్చ ఆ తర్వాత కూడా వెంట వస్తుంది అని గంట కూర్చోబెట్టి చెప్పా. ఆఫర్ లెటర్ ప్రాసెసింగ్‌కి, లాప్‌టాప్ డిపాజిట్‌కి అని డబ్బులడిగేవాళ్లు కూడా అంతే, ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బులు తీసుకోరు. ఒకవేళ పంపేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరికి నాకు ఉద్యోగం అన్నయ్య కంపెనీలో రాలేదు. మొదటి ఉద్యోగంలో నా పక్క సీట్లో కూర్చున్న ఒకావిడకి నేను పంపిన మూడు లైన్ల ద్వారా వచ్చింది, షీట్‌లో 161వ లైన్. జీతం పాతదానికంటే కొంచెం తక్కువ. ఒప్పుకున్నా, పని నచ్చింది.

చేరిన మూడో వారంలో ఇంటర్నల్ పోర్టల్‌లో రిఫరల్ పేజీ తెరిచా. అదే మంగళవారం నాతోపాటే మా టీంలోంచి తీసేసిన తమ్ముడొకడున్నాడు, విజయనగరం అబ్బాయి, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. మెసేజ్ పెడితే నిమిషంలో రిప్లై వచ్చింది, "ఏమైనా ఉంటే చూడక్కా" అని. ఏమైనా అంటే నేనేం చూడను రా, అని ఆరు జాబ్ ఐడీలు పంపించి, రాత్రికల్లా నీకు సరిపోయేవి తీసి ఒక్కోదానికి మూడు లైన్లు రాయి అన్నా. పదింటికి రెండు పంపాడు. ఫారం నింపడానికి నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది.