ప్రెస్ స్ట్రీట్ పట్టాల దగ్గర

రైళ్లలో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడాన్ని సవాలు చేసిన ప్లెస్సీ కేసు జాడలున్న ఈ న్యూ ఆర్లీన్స్ దారి నడిచి చూడాల్సిందే. జాక్సన్ స్క్వేర్‌ని ఆనుకుని ఉన్న కబిల్డోతో మొదలుపెట్టాం. ఇప్పుడది మ్యూజియం, 1892లో లూయిజియానా సుప్రీంకోర్టు ఉన్నది అక్కడే. అక్కణ్ణుంచి రాయల్ స్ట్రీట్ పట్టుకుని ఓ పాతిక నిమిషాలు నడిస్తే రైలు పట్టాలు అడ్డొస్తాయి. గూడ్సు నిలబడిందా, అది కదిలేదాకా ఇవతలే.

1892 జూన్ 7న హోమర్ ప్లెస్సీని తెల్లవాళ్ల పెట్టెలోంచి దింపింది ఈ మూల దగ్గరే. టికెట్ కోవింగ్టన్‌కి, ఫస్ట్ క్లాస్. ఆ ఊరు రాష్ట్రంలోనే ఉండటం ముఖ్యం. అంతకుముందు ఫిబ్రవరిలో, చట్టాన్ని సవాలు చేస్తున్న పౌరుల కమిటీ ఇలాగే డేనియల్ డెస్డూన్‌ని అలబామాలోని మొబైల్‌కి వెళ్లే బండి ఎక్కించింది. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేర్వేరు పెట్టెలుండాలన్న లూయిజియానా 1890 చట్టం రాష్ట్రం దాటే ప్రయాణికులకు వర్తించదని కోర్టు తేల్చడంతో ఆ కేసు వీగిపోయింది. నల్లజాతి పూర్వీకులున్నా ప్లెస్సీని చూస్తే తెల్లవాడే అనుకుంటారు, అందుకని కమిటీ రైల్వేకి ముందే కబురుపెట్టి, అరెస్టు చేయడానికి డిటెక్టివ్‌నీ తనే కుదుర్చుకుంది. మామూలు పోలీసు వచ్చి గలాటా కేసు రాసేస్తే అసలు చట్టం కోర్టు గడపే తొక్కదు! రైల్వేకీ ఆ చట్టం గిట్టదు, అదనపు పెట్టెల ఖర్చు నెత్తిన పడుతుంది కాబట్టి.

1896 మే 18న అమెరికా సుప్రీంకోర్టు 7-1తో చట్టాన్ని నిలబెట్టింది. తీర్పు రాసిన జస్టిస్ బ్రౌన్ వాదన ఇదీ: రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ ఇచ్చింది చట్టం ముందు సమానత్వమే, సాంఘిక సమానత్వం కాదు. వేరుగా కూర్చోబెడితే తక్కువ చేసినట్టు కాదు. నల్లవాళ్లకు అలా తోస్తే ఆ అర్థం వాళ్లు తీసుకున్నదే. స్థానిక ఆచారాన్ని బట్టి ఏది సబబో శాసనసభ చూసుకోవచ్చు. దన్నుగా చూపించింది బోస్టన్ బడుల్లో వేర్పాటును సమర్థించిన 1849 నాటి తీర్పు. అప్పటికి 14వ సవరణే పుట్టలేదు, పైగా ఆ బడుల్లో వేర్పాటును మసాచుసెట్స్ 1855లోనే నిషేధించింది. తీర్పులో నాకు అన్నిటికన్నా బోలుగా కనిపించేది ఇదే.

చట్టంలో ఇంకో వాక్యం ఉంది: వేరే జాతి పిల్లల్ని చూసుకునే ఆయాకి ఇది వర్తించదు. ప్లెస్సీ వకీలు టూర్జీ దాన్నే పట్టుకున్నాడు. ఒళ్లో తెల్లబిడ్డ ఉంటే నల్ల ఆయా ఆ పెట్టెలోనే కూర్చోవచ్చు. బిడ్డ లేకుండా టికెట్ కొనుక్కుని ఎక్కితే నేరం. అంటే గొడవ రంగుతో కాదు, పనిమనిషి కాకపోవడంతో. ఒంటరిగా విభేదించిన జస్టిస్ హార్లన్ తప్ప ఆ మాట ఎవరికీ ఎక్కలేదు.

ప్లెస్సీ సమాధి సెయింట్ లూయిస్ 1వ నంబరు శ్మశానంలో ఉంది. గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు, టికెట్ ముందే తీసుకోవాలి. 1897 జనవరిలో ఆయన నేరం ఒప్పుకుని 25 డాలర్ల జరిమానా కట్టాడు. గవర్నర్ క్షమాభిక్ష మీద సంతకం పెట్టింది 2022 జనవరి 5న, ఈ పట్టాల పక్కనే.