పెబ్బేరు సంత నుంచి జూరాల మడుల దాకా

మా బావమరిది ఉద్యోగం మానేసి గొర్రెల షెడ్డు వేస్తానని పట్టుబట్టి నెల రోజులైంది. వాడు ఫోనులో చూసే వీడియోల్లో గొర్రెలన్నీ తెల్లగా, షెడ్లన్నీ శుభ్రంగా, యజమానులందరూ నవ్వుతూ ఉంటారు. ఇనుముకు బయానా ఇచ్చే ముందు ఒకసారి తిరిగి వద్దామన్నాను. అలా మే నెల నడుమ ఒక శనివారం, తెల్లవారుజామున రెండు గంటలకే హైదరాబాదు నుంచి బయలుదేరాం.

కర్నూలు రహదారి మీద దాదాపు 160 కిలోమీటర్లు వెళితే పెబ్బేరు. వెలుగు రాకముందే సంత నిండిపోయింది. ఈ ప్రాంతంలో గొర్రెలనీ మేకలనీ కలిపి జీవాలంటారు. బక్రీదు మూడు వారాల్లో ఉండడంతో ఎక్కడ చూసినా పొట్టేళ్లే. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నల్లమచ్చలున్న పొడుగుకాళ్ల నెల్లూరు జోడిపి పోలికలే ఎక్కువ. గొంగడికి ఉన్ని ఇచ్చే నల్ల దక్కని గొర్రెలు వెతికితే నాలుగైదు కనిపించాయి. గొంగడికి గిరాకీ పడిపోయాక ఉన్నిని ఎవరు కొంటారు? ఎత్తుగా, బరువుగా పెరిగే నెల్లూరు పొట్టేలును మందలోకి దింపి, పాలమూరు కాపరులు కూడా మాంసం వైపు మళ్లారు.

ఇక్కడ బేరమంతా చేతి అంచనా మీదే. కొనేవాడు నడుము మీద వేళ్లు నొక్కి కండ చూస్తాడు, పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. కొమ్ము విరిగినా చెవి తెగినా బక్రీదు బేరగాడు పక్కకు జరిగిపోతాడు. మావాడు ఒక పొట్టేలును 40 కిలోలన్నాడు. పక్కనున్న దళారి దాన్ని ఒకసారి ఎత్తి దించి, నవ్వి ఊరుకున్నాడు.

సంతలో పరిచయమైన ఒక రైతు తన షెడ్డు చూపిస్తానని వెంట తీసుకెళ్లాడు. నేలకు ఐదడుగుల ఎత్తున చెక్కపలకల అరుగు, పలకల సందుల్లోంచి పెంటికలు కిందికి రాలిపోతాయి. పక్కన రెండెకరాల్లో సూపర్ నేపియర్ గడ్డి, గట్ల మీద హెడ్జ్ లూసర్న్ అనే పశుగ్రాసం. మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను సంతలో కొని, మరో మూడు నాలుగు నెలలు మేపి అమ్ముతాడు. రోజుకు 100 గ్రాములు పెరిగితే మూడు నెలలకు 9 కిలోలు. మావాడు వెంటనే ఫోనులో లెక్క మొదలుపెట్టాడు. ఆ 9 కిలోలకు ఎంత దాణా పోస్తున్నావో ముందు రాసుకో అన్నాడు ఆయన. త్వరగా బలుస్తాయని మొదటి ఏడు మొక్కజొన్న ఎక్కువ పెడితే, మూత్రనాళంలో రాళ్లు అడ్డుపడి రెండు పొట్టేళ్లు చనిపోయాయట. తొట్టి దగ్గర ఢీకొని కొమ్ములు విరగ్గొట్టుకున్నవి వేరే.

తల్లి గొర్రెలను ఎందుకు పెంచరని అడిగాను. "తల్లిని ఏడాదంతా కట్టేసి మేపి, ఏడాదికి ఒక పిల్లను తీస్తే నాకేం మిగులుతుంది సార్? పిల్లలను పుట్టించేది మందలే" అన్నాడు. షెడ్డు గురించి ఆ రోజు విన్న మాటల్లో ఇంతకు మించినది లేదు.

ఆ మందల కోసం సాయంత్రం జూరాల ప్రాజెక్టు ఆయకట్టు వైపు వెళ్లాం. యాసంగి వరి కోసిన మడుల్లో, కొయ్యకాళ్ల మధ్య నాలుగు కుటుంబాల మంద, ఐదారు వందల జీవాలు. వల చుట్టిన దొడ్డి, దాని పక్కనే పిల్లలకు ముళ్లకంప కట్టిన చిన్న ఆవరణ. తల్లులు మేత నుంచి రాగానే రేగిన అరుపులకు మా మాటలు మాకే వినపడలేదు. అంత గోలలోనూ ప్రతి పిల్లా తన తల్లిని చేరింది.

మంద పెద్ద డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. మావాడు షెడ్డు గురించి పావుగంట చెప్పాడు. ఆయన అంతా విని, "మేత ఎక్కడిది బిడ్డా?" అన్నాడు. ఎన్ని గొర్రెలని అడగలేదు.

ఆయన మేత ఆయనది కాదు. తమ ఊళ్లో బీళ్లు ఎండిపోగానే నీళ్లున్న చోటికి నడుస్తారు. ఎరువు కోసం పొలంలో మంద కట్టినందుకు రాత్రికి ఇంతని రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. తొలకరి పడితే వెనక్కి తిరుగుతారు. లేత గడ్డి మేసి చిటుక రోగం రాకుండా ఈ నెలలోనే టీకా వేయించాలి, నట్టల మందు తాగించాలి. 2017లో 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చిన పథకంలో ఈయనకూ వాటా వచ్చింది. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్య 1 కోటి 90 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. "గొర్రెలు పెరిగాయి, మేపే బీడు పెరగలేదు" అన్నాడాయన.

పొట్టేలు పిల్లలను అంత చిన్నప్పుడే ఎందుకు అమ్ముతారని మావాడు అడిగాడు. ఈ కొయ్యకాళ్లు తల్లులకే చాలవు, పెద్ద పొట్టేళ్లను వెంట తిప్పితే పచ్చని పైరు మీద పడతాయి, తగవులు. మేపుకునే దారి లేక ఆయన వదులుకున్న బరువే షెడ్డు రైతుకు లాభం.

నడిరాత్రి "లే లే" అన్న కేకలకు మెలకువ వచ్చింది. మందను లేపి పక్క మడిలోకి జరుపుతున్నారు. ఎరువు ఒకేచోట పడితే రైతు ఒప్పుకోడు. మావాడు నిద్రకళ్లతోనే వల గుంజ ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. ఒక ముసలి గొర్రె వాడి కాలు తొక్కి వెళ్లింది.

తిరుగు దారిలో కొత్తకోట దగ్గర, 40 గొర్రెలున్న ఒక ఇంటి ముందు టీ తాగాం. పగలు బయట మేపి, సాయంత్రం చూలు గొర్రెలకూ పిల్లలకూ మాత్రం గుప్పెడు దాణా, కాస్త వేరుశనగ కట్టె వేస్తారట. దాణా కొలిచేదీ, పాలు చాలని పిల్లకు సీసా పట్టేదీ ఆ ఇంటావిడే. రెండు పద్ధతుల నడిమి దారి అది. నాకు నచ్చింది, కానీ వీడియో తీసేంత అందం అక్కడ లేదు.

జడ్చర్ల దాటేదాకా మావాడు మాట్లాడలేదు. తర్వాత మా మామగారికి ఫోను చేశాడు. "నాన్నా, మన బోరు ఇప్పుడు ఎన్ని గంటలు పోస్తోంది?"