పన్నెండు పేర్లు

మన కాలేజీ పాత విద్యార్థుల కమిటీవాళ్లు “రెండు పేజీలు రాయండి, సరదాగా ఉండాలి” అని మెసేజ్ పెట్టినప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. కెమిస్ట్రీ ల్యాబ్ పాము సంగతి, భీమిలి పిక్నిక్ సంగతి ఎవరో ఒకరు రాస్తారు. నేను పీడీ మేష్టారి గురించి, అంటే మనకి ఆటలు నేర్పిన ఫిజికల్ డైరెక్టర్ గురించి రాస్తాను. అందులోనూ ఒక్క రోజు గురించి. షీల్డు తిరిగిచ్చేసిన రోజు.

1994 కాలేజీల కబడ్డీ ఫైనల్ మీలో సగంమంది చూశారు. ఆఖరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. డాల్ఫిన్ అని మనం పిలుచుకునేవాడు కూతకి వెళ్లాడు. బోనస్ లైన్ దాటి, తిరిగి వస్తూ ఇద్దర్ని తాకి, మోకాలి మీద పాక్కుంటూ గీత అందుకున్నాడు. మూడు పాయింట్లు. గోడ మీద కూర్చున్న బాటనీ బ్యాచ్ మొత్తం ఒక్కసారి గ్రౌండులోకి దూకేసింది.

ఐదు వారాలకి మన గెలుపు చెల్లదని ప్రొటెస్ట్ వచ్చింది. ఫైనల్ నాటికి డాల్ఫిన్ పేరు రోల్స్‌లో, అంటే కాలేజీ హాజరు పట్టీలో లేదు. టర్మ్ ఫీజు కట్టలేదని డిసెంబర్‌లోనే తీసేశారు. రెగ్యులర్ విద్యార్థి కానివాడు ఒక్కడు ఆడినా ఆ జట్టు టైటిల్ రద్దు. రూలు అదే.

అప్పట్లో అందరూ ఆఫీసువాళ్లని తిట్టారు. ఇన్నేళ్లుగా నేను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఎలిజిబిలిటీ ఫారం నింపింది నేనే. కెప్టెన్ని కదా, పన్నెండు పేర్లూ నా చేతిరాతే. క్లాసులో వాడి పేరు పిలవడం లేదని నాకు తెలుసు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోస్తున్నాను, ఆ డబ్బులతో కట్టేస్తానన్నాడు. కట్టాడు కూడా, ఫైనల్ అయిన తొమ్మిదో రోజున.

మేష్టారు నన్నొక్కణ్ణే స్పోర్ట్స్ రూముకి రమ్మన్నారు. షీల్డు బల్ల మీద ఉంది. మన ఏడాది రేకు అప్పటికే పూర్ణా మార్కెట్లో చెక్కించి బిగించేశాం. బొటనవేలంత రేకు, రెండు చిన్న మేకులు. కాలేజీ పేరులో ఒక అక్షరం తప్పుపోతే చెక్కినాయన దాని మీదే మళ్లీ చెక్కాడు, అక్కడ వేలికి గరుగ్గా తగిలేది. మేష్టారు చెక్కకి గీత పడకుండా కింద పోస్టుకార్డు పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ మేకులు ఒక్కొక్కటే లేపారు. రేకు చొక్కా జేబులో వేసుకున్నారు. షీల్డుని పాత పంచెలో చుట్టి నా చేతికిచ్చారు.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జగదాంబ దాటాక అడిగారు.

“ఫారం రాసినప్పుడు నీకు తెలుసా?”

“తెలుసండి.”

కాంప్లెక్స్ బస్టాండు దాకా మాట్లాడలేదు. అక్కడ కూడా, “దిగు, జాగ్రత్త, అంచు తగుల్తుంది” అన్నారంతే.

టోర్నీ ఆఫీసులో షీల్డు తీసుకున్న గుమాస్తా రసీదు రాసిచ్చాడు. మేష్టారు ఒక ఉత్తరం ఇచ్చారు. జాబితా సరిచూసుకోవాల్సిన బాధ్యత తనదనీ, తప్పు తనదేననీ రాశారు. అందులో నా పేరు లేదు, డాల్ఫిన్ పేరూ లేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన్ని ఏ టోర్నీకీ మేనేజరుగా పంపలేదు.

అక్కణ్ణుంచి ఆర్కే బీచికి నడిచాం. మురీ మిక్చర్ కొనిపెట్టి జిమ్ థోర్ప్ కథ చెప్పారు. అమెరికాలో ఆదివాసీ పిల్లల కోసం నడిపిన కార్లైల్ స్కూల్లో చదివిన కుర్రాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకు ముందు 1909, 1910 వేసవుల్లో కాస్త డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని 1913లో రెండు పతకాలూ లాగేసుకున్నారు. అభ్యంతరం 30 రోజుల్లోపు చెప్పాలని ఆ ఒలింపిక్స్ రూల్లోనే ఉంది. అది వచ్చింది ఆర్నెల్లకి. అతను 1953లో పోయాడు. తిరిగివ్వాలని నిర్ణయించింది 1982లో, అదీ ఇంకొకరితో కలిపి జంట విజేతగా.

“రూలు ఉండాల్రా,” అన్నారు మేష్టారు. “లేకపోతే బయటోళ్లని డబ్బులిచ్చి దింపుతారు, మనలాంటి కాలేజీ గ్రౌండులోకే రాలేదు. కానీ అడగాల్సింది ఆటకి ముందు. నువ్వు నాకు చెప్పుంటే ఆ ఫీజు నేను కట్టేవాణ్ణి కదరా.”

ఆ మాట ఈ రోజుకీ వినిపిస్తుంది.

నేనూ పీడీనే అయ్యాను. శ్రీకాకుళం జిల్లాలో ఉద్యోగం, 26 ఏళ్ల సర్వీసు. నా దగ్గర ఆడే పిల్లలు ఇద్దరు పోయినేడాది యూనివర్సిటీ జట్టుకి ఆడారు. జట్టు ప్రకటించే ముందు ప్రతి ఒక్కరి ఫీజు రసీదు, హాజరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ నేనే చూస్తాను. రసీదు లేదని ఎవర్నీ తీసెయ్యను. ఆఫీసుకి నేనే వెళ్తాను. ఈ 26 ఏళ్లలో మా కాలేజీ మీద ఒక్క ప్రొటెస్ట్ నిలబడలేదు.

2018లో అమెరికాలో లూయివిల్ యూనివర్సిటీ 2013లో గెలిచిన బాస్కెట్‌బాల్ టైటిల్ తీసేశారని చదివినప్పుడు, స్టాఫ్‌లో ఒకడు చేసిన పనికి జట్టు మొత్తం పోగొట్టుకుందే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2022 జులైలో థోర్ప్‌ని రెండింటికీ ఏకైక విజేతగా ప్రకటించారు. డెకాథ్లాన్‌లో రెండోవాడిగా వచ్చిన స్వీడన్ ఆటగాడు ఆ బంగారం తనదని ఎప్పుడూ ఒప్పుకోలేదని అతని కుటుంబం చెప్పిందట. పేపరు పట్టుకుని ఫోను తీశాను. మేష్టారు అప్పటికి లేరు.

కమిటీవాళ్లు పంపిన ‘మన కాలేజీ విజయాలు’ జాబితాలో 1993 తర్వాత 1997 ఉంది. సరే, అది అలాగే ఉండనివ్వండి. మనల్ని ఛాంపియన్లని వెయ్యొద్దు. ఫైనల్ రోజు పొద్దున స్పోర్ట్స్ రూము మెట్ల మీద తీసిన ఫొటో దీంతో పంపుతున్నాను. కింద ‘1994 ఫైనల్ ఆడిన జట్టు’ అని వెయ్యండి. డాల్ఫిన్‌కి ఇప్పుడు హార్బర్‌లో సొంత బోటు ఉంది. ఫోను చేస్తే రానన్నాడు, ఫొటోలో తన పేరు వెయ్యొద్దన్నాడు. పన్నెండు పేర్లూ వెయ్యండి. ఎడమ నుంచి మూడోవాడు వాడు. వెనక, తలుపు పట్టుకుని నిలబడినాయన మేష్టారు.