మామిడి పెరుగు బిళ్లలు, పైన చాక్లెట్ పెంకు

ఈ బిళ్లలకు అవన్ అక్కర్లేదు, ఐస్‌క్రీమ్ మెషీన్ అక్కర్లేదు. పొయ్యితో పని కూడా చాక్లెట్ కరిగించే ఐదు నిమిషాలే. ఇంత తేలికైనది కూడా చెడుతోందంటే నూటికి తొంభై సార్లు కారణం నీళ్లే. పెరుగులో నీళ్లు, పండులో నీళ్లు, గిన్నె అంచుకు మిగిలిన తడి. పెరుగులో మిగిలిన నీళ్లు ఐసు పలుకులై పంటికి కరకరలాడతాయి, చాక్లెట్‌లో పడిన చుక్క దాన్ని ముద్ద చేసేస్తుంది. అందుకే కింద రాసినదాంట్లో సగం తడి తీసెయ్యడం గురించే.

ఇరవై బిళ్లలకు కొలతలివి. ఫుల్ క్రీమ్ పాలతో తోడుపెట్టిన పెరుగు 600 గ్రాములు (నీళ్లు దిగాక సుమారు 300 మిగులుతుంది), బాగా పండినా మెత్తబడని బంగినపల్లి కాయ ఒకటి (ముక్కలు 200 గ్రాములు రావాలి), పొడి చేసిన చక్కెర 3 టేబుల్ స్పూన్లు, పాలపొడి 1 టేబుల్ స్పూన్, చిక్కటి మీగడ 2 టేబుల్ స్పూన్లు, ఒక యాలక్కాయ పొడి, చిటికెడు ఉప్పు. పై పూతకు డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, కొబ్బరినూనె 2 టీస్పూన్లు.

ముందు పెరుగు సంగతి. పాల పాకెట్ మీదే రాసి ఉంటుంది చూడండి: ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, కొవ్వు కాని ఘనపదార్థాలు 9 శాతం. టోన్డ్ పాలలో అవి 3, 8.5. అంటే మొదటిదాంట్లో నూటికి 85 పాళ్లు నీళ్లుంటే రెండోదాంట్లో 88 దాటతాయి. మూడు పాళ్లే కదా అనిపిస్తుంది గానీ తగ్గిన మూడూ కొవ్వే. కొవ్వు ఫ్రీజర్‌లో బిగుసుకున్నా ఐసులా పలుకు కట్టదు, పలుకుల మధ్య చేరి నోట్లో మెత్తగా ఉంచుతుంది. అందుకే టోన్డ్ పాల పెరుగుతో చేస్తే ఎంత వడకట్టినా చివరికి పుల్ల ఐసులాగే ఉంటుంది.

ఉతికి ఆరేసిన పలచని నూలు గుడ్డ, సబ్బు వాసన లేనిది, చిల్లుల గిన్నెలో పరిచి పెరుగు పోసి మూట కట్టండి. మూటను కుళాయికి వేలాడదీసే అలవాటు చాలామందికి ఉంది. ఎండాకాలంలో ఆ పని వద్దు. మే నెల వంటింట్లో నాలుగు గంటలు వేలాడితే పెరుగు పులిసి కూర్చుంటుంది, ఆ పులుపును ఏ చక్కెరా కప్పలేదు. చిల్లుల గిన్నెను ఇంకో గిన్నె మీద పెట్టి, మూట మీద చిన్న పళ్లెం, దాని మీద నీళ్లు నింపిన గ్లాసు బరువుగా ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐదారు గంటల్లో 300 మిల్లీలీటర్ల దాకా నీళ్లు దిగుతాయి. చెంచాతో తీసి చెంచా బోర్లిస్తే పెరుగు పడకుండా అంటుకుని ఉండాలి. పడితే ఇంకో గంట ఆగాలి. దిగిన తేట పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి అంతకన్నా మంచిది లేదు.

బజార్లో దొరికే గ్రీక్ యోగర్ట్ (ముందే నీళ్లు తీసేసిన చిక్కటి పెరుగు) అయితే ఈ శ్రమంతా తప్పుతుంది. చక్కెర కలపనిది 300 గ్రాములు తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇదే సుళువు, కాకపోతే డబ్బా మీద నాన్‌ఫ్యాట్ (కొవ్వు తీసేసినది) అని ఉన్నది మాత్రం పక్కన పెట్టండి. అక్కడ ఇండియన్ స్టోర్లలో అమ్మే మామిడి గుజ్జు డబ్బాల్లో చాలావాటికి చక్కెర ముందే కలిపి ఉంటుంది కాబట్టి అది వాడితే మన కొలతలో చక్కెర సగానికి తగ్గించాలి.

వడకట్టిన పెరుగును మిక్సీలో వెయ్యొద్దు. బ్లేడు తగిలితే దాని కట్టు విడిపోయి పలచబడుతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. విస్క్‌తోనో, అదీ లేకపోతే మజ్జిగ కవ్వంతోనో గడ్డలు పోయేవరకు కలపండి, చాలు. చక్కెర, పాలపొడి, మీగడ, యాలకుల పొడి, ఉప్పు వేసి మళ్లీ ఒక నిమిషం. పాలపొడి రుచి కోసం కాదు, మిగిలిన నీళ్లను పట్టి ఉంచడానికి. చక్కెరకూ తీపి ఒక్కటే పని కాదు. అది కరిగి ఉన్నంతసేపూ నీళ్లు పూర్తిగా గడ్డకట్టవు. ఆరోగ్యం పేరుతో చక్కెర మొత్తం మానేసినవాళ్లకు వచ్చేది రాయి. ఇంకో మాట: చల్లటిదాంట్లో తీపి తక్కువ తెలుస్తుంది. కలిపిన పెరుగును నాలుక మీద వేసుకుంటే కొంచెం ఎక్కువైందే అనిపించాలి, గడ్డకట్టాక సరిపోతుంది.

మామిడి ముక్క సెంటీమీటరు కన్నా పెద్దది కాకూడదు. పెద్ద ముక్క ఐసుగడ్డ అవుతుంది, దాని చుట్టూ ఉన్న పెరుగు మెత్తగా ఉంటుంది, కొరికితే ఆ తేడా పళ్లకు తెలుస్తుంది. కోసిన ముక్కల్ని పొడిగుడ్డ మీద పది నిమిషాలు పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్ది, అప్పుడు పెరుగులో వేసి గరిటెతో రెండు మూడుసార్లు మాత్రం తిప్పండి. రసాలు వాడాలనుకుంటే ముక్కలుగా కుదరదు. గుజ్జు తీసి, పీచు వడగట్టి, రెండు చెంచాల చక్కెరతో చిన్న మంట మీద సగానికి ఇగరబెట్టి, చల్లారాక పెరుగులో చారలు చారలుగా కలపాలి. వాసనలో బంగినపల్లి దాని ముందు నిలవదు.

వేరే పండ్లతో చేసేవాళ్లు ముందు ఒకటి తెలుసుకోవాలి. పచ్చి అనాస, బొప్పాయి, కివీ పెరుగులో కలిపితే ఒక పూట గడిచేసరికి చేదెక్కుతుంది. వాటిలో పాల మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైములున్నాయి, ఆ విరిగిన ముక్కలదే ఆ చేదు. అనాస ముక్కల్ని చక్కెరతో ఐదు నిమిషాలు ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, అప్పుడు నిక్షేపంగా వాడుకోవచ్చు. సీతాఫలానిది సరిగ్గా తిరగేసిన కథ: పచ్చిగా అమృతం, వేడి చేస్తే చేదు. గుజ్జును గింజలతో సహా మిక్సీలో వెయ్యకుండా జల్లెడ మీద చేత్తో రుద్ది తియ్యాలి. మామిడి కాలం వెళ్లిపోయాక ఈ బిళ్లలకు సీతాఫలాన్ని మించింది లేదు, మీగడ వెయ్యకపోయినా మెత్తగానే ఉంటుంది. అరటి, సపోటా కూడా గుజ్జుదనం వల్ల బాగా కుదురుతాయి. పుచ్చకాయ జోలికి పోవద్దు, అది ఉన్నదంతా నీళ్లే. ద్రాక్ష అయితే నిలువునా నాలుగు చీలికలు చెయ్యండి. గడ్డకట్టిన గుండ్రటి ద్రాక్ష చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. చక్కెర బదులు తేనె వేస్తే ఏడాది నిండని పిల్లలకు పెట్టకూడదు.

ఇక బిళ్లలు వెయ్యడం. అంచు లేని స్టీలు పళ్లెం మీద సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ పరవండి. కిరాణా కొట్లో బటర్ పేపర్ పేరుతో ఇచ్చే పలచటి కాగితం బిళ్లకు అంటుకుని చిరుగుతుంది. బేకింగ్ పేపర్ లేదా? అప్పాలు వత్తుకోవడానికి పాల కవర్ కోసి వాడతాం కదా, అదే బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టి పరిస్తే గడ్డకట్టిన బిళ్ల లాగగానే ఊడి వస్తుంది. ఒక్కో చోట రెండు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువగా, సుమారు 28 గ్రాముల చొప్పున పెట్టండి. అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, కాస్త బిగిశాక తీసి, తడి చెంచా వెనకవైపుతో ఐదు సెంటీమీటర్ల వెడల్పు, సెంటీమీటరున్నర మందం వచ్చేలా నొక్కండి. ముందే నొక్కితే పారుతుంది, పూర్తిగా గడ్డకట్టాక నొక్కుడు పడదు. మందం రెండు సెంటీమీటర్లు దాటితే కొరకడానికి పన్ను దిగదు.

స్టీలు గుంటలున్న మినీ ఇడ్లీ ప్లేట్లు కూడా అచ్చులుగా పనికొస్తాయి. అల్యూమినియంవి, ఇనప పొంగనాల పెనం మాత్రం వద్దు, పులుపు తగిలి లోహపు రుచి వస్తుంది.

ఎంత త్వరగా గడ్డకడితే ఐసు పలుకు అంత చిన్నది. నిదానంగా గడ్డకడితే నీళ్లకు పోగై పెద్ద పలుకులు కట్టడానికి తీరిక దొరుకుతుంది. డబుల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, మూడు నాలుగు గంటలు చాలు. సింగిల్ డోర్‌దైతే రెండు గంటల ముందే చక్రాన్ని చివరి అంకెకు తిప్పి, ఫ్రీజర్ అడుగుకు తగిలేలా ఉత్త పళ్లెం పెట్టి చల్లబరచండి. పేరుకున్న మంచు ఉంటే ముందు కరిగించి తుడవాలి, లేకపోతే పళ్లేనికి అడుగు చల్లదనం అందదు. అప్పుడూ ఆరు గంటలు పట్టొచ్చు. మధ్యమధ్య తలుపు తీసి చూడొద్దు.

చాక్లెట్ కొనేటప్పుడు వెనక చదవండి. పదార్థాల్లో కోకో బటర్ ఉంటే అసలు చాక్లెట్, దాని చోట హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే కాంపౌండ్. కాంపౌండ్ చవక, కరిగించడం తేలిక. కానీ చల్లటి బిళ్ల మీద మైనంలా అనిపించి, పెరుగు కరిగిపోయాక కూడా అంగిటికి అంటుకునే ఉంటుంది. కోకో బటర్ దాదాపు 34 డిగ్రీలకు కరుగుతుంది, నోటి వేడి అంతకన్నా ఎక్కువ, అందుకే జారిపోతుంది. టెంపరింగ్ (నిగనిగలాడుతూ గట్టిగా బిగియడానికి చాక్లెట్‌ను లెక్కగా వేడి చేసి చల్లార్చడం) చెయ్యాలేమోనని భయపడేవాళ్లు ఈ బిళ్లలకు ఆ గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఫ్రీజర్ నుంచి నేరుగా నోట్లోకి పోయేదానికి నిగనిగలు ఎందుకు?

వట్టి చాక్లెట్‌లో ముంచితే పెంకు మందంగా వచ్చి, కొరగ్గానే పెద్ద పెచ్చులుగా ఊడి ఒళ్లో పడుతుంది. కొబ్బరినూనె వేసేది అందుకే. అది చాక్లెట్‌ను పలచన చేస్తుంది, చలికి తను కూడా గడ్డకట్టి పెంకును నిలబెడుతుంది. గోదావరి జిల్లాల తోటల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో పెంచుతారు, గిన్నెలోనూ ఆ జోడీ బాగానే కుదిరింది. తలకు రాసుకునే పరిమళాల నూనె కాదని వేరే చెప్పాలా, వంటకు వాడేదే తీసుకోండి. కొబ్బరి వాసన వద్దంటే రిఫైన్డ్. దాని బదులు వెన్న వెయ్యొద్దు, వెన్నలో నీళ్లుంటాయి, చాక్లెట్ బిగుసుకుపోతుంది.

చిన్న గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు మరిగించి మంట ఆపేయండి. దాని మీద, నీళ్లకు అడుగు తగలకుండా, తుడిచి పొడిగా చేసిన స్టీలు గిన్నె పెట్టి, తరిగిన చాక్లెట్ వెయ్యండి. పొడి గరిటెతో తిప్పుతూ ముప్పాతిక వంతు కరగ్గానే దించేస్తే మిగతాది ఆ వేడికే కరుగుతుంది. నూనె అప్పుడు కలపాలి. మైక్రోవేవ్‌లో అయితే మొదట 30 సెకన్లు, తర్వాత 15 సెకన్ల చొప్పున, ప్రతిసారీ తీసి కలుపుతూ. ఆవిరి చుక్క పడి చాక్లెట్ ఉన్నట్టుండి ఇసక ముద్దలా తయారైతే అది మళ్లీ పూతకు పనికిరాదు. వేడి పాలు కొద్దికొద్దిగా పోసి సాస్ చేసుకుని, పూతకు కొత్తది కరిగించుకోండి.

కరిగిన వెంటనే ముంచకూడదు. వేలు పెడితే వేడీ కాక చల్లనా కాక ఉండాలి, సుమారు 35 డిగ్రీలు. వేడిగా ఉంటే పెరుగు పై పొర కరిగి ఆ నీళ్లు చాక్లెట్‌లోకి దిగుతాయి, నాలుగో బిళ్లకల్లా గిన్నెలోది చిక్కబడిపోతుంది. చాక్లెట్‌ను లోతైన చిన్న గిన్నెలోకి మార్చి, బిళ్లల్ని నాలుగైదు చొప్పున మాత్రమే బయటికి తీయండి. ఫోర్క్ మీద పెట్టి ముంచి, ఎత్తి, గిన్నె అంచుకు రెండుసార్లు తట్టండి. కారేది కారిపోతుంది. అర నిమిషంలోపే తడి మెరుపు పోయి పైన మసక కమ్ముతుంది, అంటే పెంకు కట్టినట్టే. జీడిపప్పు పలుకులో ఎండుకొబ్బరో చల్లాలంటే ఆ అర నిమిషంలోనే. బిళ్ల మీద తెల్లటి మంచు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచి ముంచండి, లేకపోతే పూత పట్టు దొరక్క జారిపోతుంది.

మూత గట్టిగా పట్టే డబ్బాలో, వరసకు వరసకు మధ్య కాగితం వేసి దాచండి. రెండు వారాలు బాగుంటాయి, ఆ తర్వాత పాడవకపోయినా ఫ్రీజర్ వాసన పడుతుంది. చేపలున్న అరలో పెడితే రెండు రోజులు చాలు. తినేముందు నాలుగైదు నిమిషాలు బయట ఉంచితే పన్ను దిగే మెత్తదనం వస్తుంది. కరెంటు పోయి సగం కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకండి, అడుగంతా ఐసు పలుకులే మిగులుతాయి. అవి ఇంకా చల్లగా ఉండగానే చాక్లెట్ పెంకుతో సహా మిక్సీలో తిప్పితే చక్కని లస్సీ.

ముంచగా గిన్నె అడుగున మిగిలిన చాక్లెట్‌ను గీకి తియ్యాలని చూడకండి. వేడి పాలు ఒక గ్లాసు అందులోనే పోసి కవ్వంతో తిప్పండి, గిన్నె కూడా సగం కడిగినట్టే.