వార్డు డ్యూటీ చేస్తూ ఎన్‌క్లెక్స్: ఆ ఆసుపత్రి వేరు

పెద్దల అక్యూట్ మెడికల్ వార్డులో నర్సుగా పనిచేస్తూ, అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్సుకు రాసే పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్‌కు చదువుతున్నామని చెప్పగానే రెండు రకాల సలహాలు వస్తాయి. అనుభవం ఉంది కదా, పుస్తకం తిరగేస్తే చాలు అంటారు కొందరు. ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చుంటే తప్ప రాదంటారు ఇంకొందరు. హైదరాబాద్‌లో షిఫ్టులు చేస్తూనే చదివి పాసైన మనిషిగా చెబుతున్నాను, రెండూ పట్టించుకోకండి. వార్డు మనకు చాలా నేర్పుతుంది. కానీ ప్రశ్నపత్రంలో ఉన్న ఆసుపత్రి మనది కాదు. అక్కడ సిబ్బంది సరిపడా ఉంటారు, సామగ్రి అంతా చేతికి అందుతుంది, నర్సుకు సొంతంగా చేయగల పనులు చాలా ఉంటాయి. జవాబు ఆ ఆసుపత్రిలో నిలబడి చెప్పాలి.

పరీక్ష స్వరూపం మీకు చాలావరకు తెలిసే ఉంటుంది. కొత్త తరహా ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ 1న మొదలైంది. ప్రశ్నలు కనీసం 85, గరిష్ఠంగా 150; సమయం 5 గంటలు. అందులో 15 ప్రశ్నలు లెక్కలోకి రావు, అవి ఏవో మనకు తెలియదు. ఒకసారి జవాబిచ్చి ముందుకు వెళితే దిద్దుకోవడానికి మళ్లీ వెనక్కి రాలేరు. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150. పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ సంస్థ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ట్రాన్స్‌క్రిప్టులు, నర్సింగ్ కౌన్సిల్ వెరిఫికేషన్, అమెరికా రాష్ట్ర బోర్డు అనుమతి నెలల తరబడి సాగే పనులు. చదువు పూర్తయ్యాక చూద్దాం అనుకోకుండా రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

అసలు విషయం కేస్ స్టడీలు. మూడు ఉంటాయి, ఒక్కోదానిలో ఆరు ప్రశ్నలు. తెర మీద నర్సు నోట్స్, వైటల్స్ (బీపీ, పల్స్, శ్వాస లాంటివి), ల్యాబ్ రిపోర్టులు, డాక్టరు ఆర్డర్లు కనిపిస్తాయి. అంటే మనం రోజూ తిప్పే కేస్ షీటే. ఏది అసాధారణంగా ఉంది, దాని అర్థం ఏమిటి, దేన్ని ముందు అనుమానించాలి, ఏమేం చేయవచ్చు, ముందు ఏది చేస్తారు, చేసినదానితో ఫలితం వచ్చిందా అని ఆరు మెట్లలో అడుగుతారు. హ్యాండోవర్ తీసుకున్నాక ఒక్క రోగి కేస్ షీటునైనా ఇదే వరుసలో చదవడం నేను అలవాటు చేసుకున్నాను. న్యుమోనియాతో చేరిన 68 ఏళ్ల రోగి అనుకోండి. ఉదయం బీపీ 124/78. ఇప్పుడు 82/44, పల్స్ 118, శ్వాస 26, మూత్రం తగ్గింది, పొద్దున పేరు చెప్పినవాడు ఇప్పుడు తికమకపడుతున్నాడు. విడివిడిగా చూస్తే ఇవన్నీ అంకెలు, కలిపి చూస్తే సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే స్థితి. ఆక్సిజన్, క్యాన్యులా, లాక్టేట్, యాంటీబయాటిక్ కంటే ముందు బ్లడ్ కల్చర్, ఆపై కిలోకు 30 మిల్లీలీటర్ల లెక్కన సెలైన్. అంతటితో అయిపోదు. మీన్ ఆర్టీరియల్ ప్రెషర్ (సగటు రక్తపోటు) 65కు చేరిందా, మూత్రం గంటకు కిలోకు 0.5 మిల్లీలీటర్లు వస్తోందా అన్నది ఆరో ప్రశ్న. మనలో చాలామంది ఐదో మెట్టు దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే వార్డులో అప్పటికి ఇంకో బెల్లు మోగుతుంది.

ఎవరిని ముందు చూడాలి అనే ప్రశ్నల్లో అనుభవం కొంచెం దారి తప్పిస్తుంది. మన దగ్గర ఏ బెడ్ తాలూకు బంధువులు గట్టిగా కేకలు వేస్తే ముందు అక్కడికి పరుగెత్తుతాం. పరీక్షలో కేకలు వేసేవారు ఉండరు. సీవోపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) రోగి ఆక్సిజన్ సాచురేషన్ 89, ఆపరేషన్ మర్నాడు నొప్పి పదికి ఏడు అంటున్న రోగి, హార్ట్ ఫెయిల్యూర్‌తో పాదాలు వాచిన రోగి, థైరాయిడ్ తీసేశాక నోటి చుట్టూ తిమ్మిరి అంటున్న రోగి. ఈ నలుగురిలో మొదట నాలుగో ఆమె దగ్గరికి వెళ్లాలి. కాల్షియం పడిపోతోంది, తర్వాత గొంతు బిగుసుకుపోవచ్చు. సీవోపీడీ వారికి 88 నుంచి 92 లక్ష్యమే, కాబట్టి ఆ 89 చూసి కంగారుపడనక్కర్లేదు. నొప్పి, పాదాల వాపు ఆ జబ్బుల్లో ఊహించినవే. ఊహించనిది ఏది, నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఏది అని వెతకండి.

డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేయడం మన చేతులకు అంటుకుపోయిన అలవాటు. ఆప్షన్లలో అది కనబడగానే నొక్కేయాలనిపిస్తుంది. రక్తం ఎక్కుతుండగా రోగికి చలి, నడుము నొప్పి మొదలైతే ముందు రక్తం ఆపాలి, కొత్త సెట్టుతో సెలైన్ పెట్టాలి, ఆ తర్వాతే ఫోన్. స్పృహలో ఉన్న రోగి షుగర్ 58 ఉంటే 15 గ్రాముల చక్కెర వచ్చేలా జ్యూస్ ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. నర్సు వెంటనే చేయగలది ఏదీ మిగలనప్పుడు మాత్రం ఫోనే సరైన జవాబు.

పని అప్పగించే ప్రశ్నలకు విడిగా సమయం ఇవ్వండి. పరీక్ష సిలబస్ అయిన టెస్ట్ ప్లాన్‌లో ఇవి వచ్చే మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ విభాగానికి 15 నుంచి 21 శాతం వాటా ఉంది, మిగతా ఏ విభాగానికీ అంత లేదు. ఆర్‌ఎన్ కింద ఎల్‌పీఎన్ (లైసెన్సున్న ప్రాక్టికల్ నర్సు), ఆ కింద నర్సింగ్ అసిస్టెంటు అనే అంచెలు మనకు లేవు. ఆయమ్మ, వార్డు బాయ్ ఉంటారు, మిగతాదంతా మన నెత్తినే. అక్కడ మొదటి అసెస్‌మెంట్, రోగికి నేర్పడం, ఫలితం అంచనా వేయడం ఆర్‌ఎన్ ఎవరికీ అప్పగించకూడదు. నిలకడగా ఉన్న రోగికి స్నానం, నడిపించడం, వైటల్స్ రాయడం అసిస్టెంటుకు ఇవ్వవచ్చు. అదే రోగి ఇప్పుడే ఐసీయూ నుంచి దిగివస్తే మొదటి వైటల్స్ మీరే చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువగా తలకెక్కించుకోవలసి వచ్చింది కుటుంబం సంగతి. మన దగ్గర క్యాన్సర్ అని తేలితే ముందు కొడుకును పక్కకు పిలిచి చెబుతారు. నాన్న తట్టుకోలేరు, చెప్పకండి సిస్టర్ అని అతను బతిమాలుతాడు, మనమూ తలూపుతాం. పరీక్షలో తలూపితే మార్కు పోతుంది. తెలివిలో ఉండి అర్థం చేసుకోగల పెద్దవారు తమ ఒంటి సంగతి తామే వింటారు, తామే నిర్ణయిస్తారు. భార్య తన ఆపరేషన్ వద్దంటే భర్త సంతకం చెల్లదు. ఆపరేషన్ గురించి సరిగా అర్థం కాలేదని రోగి అంటే మీరు వివరించడం కాదు, సర్జన్‌ను పిలవడం జవాబు. నర్సు ఆ సంతకానికి సాక్షి మాత్రమే. కూతురినంటూ ఫోన్‌లో రిపోర్టు అడిగితే చెప్పకూడదు. భాష రాని రోగికి మనవడి చేత చెప్పించకూడదు, శిక్షణ పొందిన దుబాసీని పిలవాలి. ఒడియా, మరాఠీ రోగులకు పక్క బెడ్ అటెండరే దుబాసీ అయ్యే చోట పనిచేసేవారికి ఇది నవ్వు తెప్పిస్తుంది. నవ్వుకుని సరైన ఆప్షన్ నొక్కండి.

మందులకు వేరే టైమ్‌టేబుల్ వేసుకోలేదు, మందులిచ్చే వేళే చదువు వేళ. బ్రాండ్ పేర్లు మరిచిపోండి, జెనరిక్ పేర్లే వస్తాయి. అవీ అమెరికా పేర్లు: పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. ఒక్కో మందు ఇచ్చే ముందు ఏం చూడాలో ఒక్కటి గుర్తు చేసుకునేదాన్ని. డిగాక్సిన్ అయితే గుండె దగ్గర నిండు నిమిషం పల్స్, దాంతో పాటు పొటాషియం. ఫ్యూరోసెమైడ్‌కు (మన లాసిక్స్) కూడా పొటాషియం, బీపీ. హెపారిన్‌కు ప్లేట్‌లెట్లు, విరుగుడు ప్రోటమిన్. రోగి ఎదురుగా ఉండగా గుర్తు చేసుకున్నది పుస్తకంలో చదివినదానికన్నా ఎక్కువ నిలిచింది.

ప్రశ్నల సంఖ్య కోసం పరుగెత్తకండి. వేల ప్రశ్నలు చేశామని చెప్పుకునేవారు కనిపిస్తారు. వివరణ చదవకుండా చేసినవి వేలైనా దండగే. జవాబు సరిగ్గా వచ్చిన ప్రశ్నకు కూడా మిగతా మూడూ ఎందుకు కావో చదవండి. వర్తించేవన్నీ గుర్తించమనే ప్రశ్నల్లో తప్పు ఎంపికకు ఒక మార్కు తగ్గుతుంది, సున్నా కిందికి మాత్రం పోదు. అందుకే అనుమానం ఉన్నవాటిని వదిలేశాను.

పరీక్షకు ముందు రాత్రి డ్యూటీ వేయించుకోకండి, సెలవు దొరక్కపోతే షిఫ్టు మార్చుకోండి. పాస్‌పోర్టులో పేరు, అనుమతి పత్రంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఎటు రాశారో ముందే చూసుకోండి. కేంద్రంలో అరచేతి నరాల స్కాన్ తీస్తారు. 85 దగ్గర తెర ఆగిపోతే పాసనీ ఫెయిలనీ లెక్కలు వేయకండి. మీరు పాస్ గీతకు పైన ఉన్నారో కింద ఉన్నారో 95 శాతం నమ్మకంతో తేలితే కంప్యూటర్ ఆపేస్తుంది, అది ఎటువైపైనా కావచ్చు. రాకపోతే 45 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు.

పాసైన వెంటనే రాజీనామా ఇచ్చేయకండి. ఇంగ్లిష్ పరీక్ష, వీసాస్క్రీన్ (వీసా కోసం చదువు, లైసెన్సు సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) మిగిలే ఉంటాయి. ఉద్యోగం ఆధారంగా గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-3 కేటగిరీలో భారతీయుల వరుస ఏళ్ల తరబడి సాగుతోంది. నేను ఇంకా ఆ వరుసలోనే ఉన్నాను, ఈ వారం నాకు మధ్యాహ్నం షిఫ్టు.